నాన్న కత్తెర, కొత్త ప్లేయర్

కుట్టుమిషను పక్కన కంప్యూటరు ముందు కూర్చున్న అక్క, తమ్ముడి మీద విరుచుకుపడింది.

"నా పాత వీడియో ప్లేయర్ తీసెయ్యమని నిన్నెవరడిగారు?"

"పాతబడిపోయిందక్కా. కొత్తది ఎంత అందంగా ఉందో చూడు."

"అందం తగలెయ్య! పాతదాంట్లో బటన్ నొక్కినప్పుడల్లా వీడియోలో నాన్న కత్తెర వెంట్రుకవాసి కదిలేది. ఇది పది సెకన్లు దూకేస్తోంది. ఈలోగా కాలరు వంపంతా కత్తిరించడం అయిపోతోంది! రేపు కోటు ఇవ్వాలి నేను."

"నాన్న లోపలే ఉన్నాడుగా, అడుగు."

"పక్షవాతం వచ్చిన మనిషిని కత్తెర పట్టి చూపించమననా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందిరా?"

తమ్ముడు తలదించుకుని పాత ప్లేయర్ మళ్లీ ఎక్కించాడు. ఆమె బటన్ నొక్కింది. తెర మీద కత్తెర కాస్త కదిలి ఆగింది.

"ఇంకోసారి దీన్ని ముట్టుకున్నావో, నీ వేళ్లు కత్తిరిస్తా."

"ముట్టుకోను. ఇంకొక్కసారి నొక్కవా అక్కా? నాన్న చెయ్యి కదలగా చూసి ఏడాదైంది."