నాలుగు గొంతుల ఇంజను

“‘నువ్వొచ్చేదాక బానెట్ ముట్టను చాచా.’ అడిగినవ్ గద బేటా, ఆ టార్పాలిన్ పట్టా కింద కారెవరిదని? గీ మాట అన్నోనిది. అశ్వారావుపేట నరేష్‌ది. పామాయిల్ తోట ఉన్నది వాళ్లకు. వాళ్ల నాయిన మంచోడుండె, పోయిండు పాపం. ఆయన కొన్న కారే అది. ఎంత పాతదంటే... మా చిన్నబిడ్డ షాదీ అయిన యేడు... కాదు కాదు, దానికంటె ముందే. సరే తియ్యి, పాతది.

గీ పోరడు ఫోన్ల ఏదో చూసి వచ్చిండు. ‘చాచా, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో థ్రాటిల్ బాడీ పెడదాం’ అన్నడు. నీకు తెల్వదా? మామూలు కారుకు గాలి పీల్చే గొంతు ఒక్కటే ఉంటది. నాలుగు సిలిండర్లు అండ్లకెళ్లే పంచుకోవాలె. వీనికి నాలుగింటికి నాలుగు గొంతులు కావాలెనట. ఎందుకురా అంటే, ‘సౌండ్ చాచా, సౌండ్!’ మా అబ్బా ఉన్నప్పుడు అంబాసిడర్ కార్బరేటర్ విప్పి కడిగి బిగిస్తే ఐదు రూపాలిచ్చేటోళ్లు, ఇంటికి కూరగాయలొచ్చేటియి. కారు నడిస్తే చాలనుకునేటోళ్లు అప్పుడు. ఇప్పుడది అరవాలె.

అయినా నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. స్క్రాపుల ఒక పెద్ద బైకుది దొరికింది, నాలుగు బాడీలు వరుసగ. కారు ఇంజను హెడ్డుకు పెట్టి చూస్తే వాటి నడుమ ఎడం కలవది. కోసి విడదీసినం. అల్యూమినియం పైపులు వెల్డింగు చేపిచ్చి, నాలుగు ఒక్కసారే తెరుచుకునేటట్టు ఒక్క రాడ్డుకు కలిపిన. కంప్యూటర్ పని వాని దోస్తు ల్యాప్‌టాప్ పట్టుకొని చూసుకున్నడు. నేను రబ్బర్ ట్యూబు చెవుల పెట్టుకొని ఒక్కో నోటికాడ ఇనుకుంట, అన్ని ఒక్క తీరుగ ఊపిరి తీసేదాక స్క్రూలు తిప్పిన.

ఇగ గాలి ఫిల్టర్లే తక్కువ. పాల్వంచ రోడ్డు సంగతి నీకు ఎరుకే గద, బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు. ఖమ్మం బస్సుల ఫిల్టర్ల పార్సిల్ వచ్చిందంటే తెచ్చుకుందామని బస్టాండుకు పోయిన. పోయేముందు దుమ్ము పోకుంట నాలుగు నోళ్లల్ల గుడ్డలు కుక్కిన. అప్పుడన్నడు వాడు ఆ మాట, బానెట్ ముట్టనని.

ఆటో దిగంగనే ఇంజను చప్పుడు ఇనవడ్డది. ఏం చప్పుడది! ఒక్క నిమిషం ఖుషీ అయిన. దగ్గరికొచ్చి చూస్తే గుడ్డలు కింద ఉన్నయ్, నోళ్లన్ని పసుపుపచ్చగ ఉన్నయ్. వాళ్లమ్మ పూజ పళ్లెం పట్టుకొని నిలబడ్డది. భద్రాచలం తలంబ్రాలు ఇంట్ల దాసిపెట్టుకున్నదట, వక్క ముక్కలు కలిపి తెచ్చింది. కొత్త బండికి టైరు కింద నిమ్మకాయ పెడ్తరు, బానెట్ మీద బియ్యం చల్లుతరు, మంచిదే. వీడు వీడియో తీద్దామని బానెట్ లేపి గుడ్డలు పీకిండు. ఆమె ఆ నోళ్లను చూసి, గిన్నెల లెక్క ఉన్నయ్ గద, అండ్లనే ఏసింది.

గొంతుల రేకు మూతలుంటయ్ బేటా. బండి నిలబడి మెల్లగ నడిచినంతసేపు అయి మూసుకొనే ఉంటయ్, బియ్యం వాటి మీదనే ఆగింది. ‘బంద్ చెయ్యిరా!’ అని ఒర్లిన. స్టీరింగు కాడ కూసున్న వాడు కిటికీలకెళ్లి నా మొఖం చూసిండు, ఫోన్ చూసిండు, ఎక్సలేటర్ తొక్కిండు. మూతలు తెరుచుకున్నయ్, బియ్యం వక్కలు లోపలికి పోయినయ్. కటకటమని ఆగిపోయింది. ఆ చప్పుడుకే తెలిసింది నాకు, లోపల వాల్వు వంగిందని.

ఆమె నా దగ్గరికొచ్చింది. ‘అన్నా, నాలుగిట్ల సమానంగనే ఏసిన. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ చెయ్యలే. మరెందుకు ఆగింది?’ ఏం చెప్పాలె నేను? మొగుడు కొన్న కారు నీ చేతుల్తోనే ఆగిందని చెప్పాలెనా? ‘వైరేదో లూజైంది చెల్లె, నువ్వు ఇంటికి పో’ అన్న.

వాడేమో మర్నాడే ఫోన్లల్ల పెట్టిండు, ‘బైకు సామాను కారుకు అతికిచ్చి ముసలోడు ఇంజను ఖరాబ్ చేసిండు’ అని. రిపేరుకిచ్చిన టేకులపల్లి జీపాయన బండి తోలుకపోయిండు. ఇంకో ఇద్దరు ఫోనే ఎత్తుతలేరు.

ఏందీ, శ్రమను అవమానించుడా? ఆగు బేటా, మొన్న మీ యూనియన్ మీటింగుల గూడ ఇదే ఒర్లినవ్. నువ్వట్ల అంటే వంగిన వాల్వు సక్కగైతదా? నన్నెందుకు హెడ్డు విప్పలేదని అడుగు. ఒక్కన్నే విప్పితే, బియ్యం నేనే పోసినన్నట్టు చెప్తడు వాడు. వాని ముంగటనే విప్పాలె.

ఆ ఫోన్ల నా మాట రికార్డు పట్టుకున్నవ్ గద, నరేష్‌కు వినిపియ్యి. వాళ్లమ్మకు మాత్రం వద్దు. అమ్మ పేరు ఎత్తొద్దు, బియ్యం మాట ఎత్తొద్దు. ‘చాచా వద్దన్నా నేనే గుడ్డలు పీకిన, నేనే తొక్కిన’ అని నా మీద పెట్టిన కాడనే, ఫోన్ల చెప్పమను, చాలు. ఇంజను మళ్ల నేనే కట్టి ఇస్త.

లేకుంటె శనివారం పొద్దుగాల స్టాండు డ్రైవర్లందరిని పిలిచి హెడ్డు విప్పుత. పిస్టన్ మీద పసుపు కనవడ్డదంటే గంటల అశ్వారావుపేట చేరుతది ముచ్చట. అప్పుడు వాళ్లమ్మకు ఏం చెప్తడో వాన్నే ఆలోచించుకోమను.

శుక్రవారం, జుమా నమాజ్ అయ్యేదాక చూస్త.”