మూడో పేరు

హలో… ఆ, నేనే మాట్లాడుతున్న, మొండయ్యను.

…ఎవలు?

…సన్నీ. ఏ సన్నీ… ఓ, మన సన్నీ. ఖని కింగ్స్ సన్నీ.

…గుర్తుపట్టిన. నంబరే కొత్తగున్నది.

…బాగనే ఉన్న. మోకాళ్లు నొస్తున్నయ్. … మీ దుర్గవ్వ సుత బాగనే ఉన్నది. మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తుంది.

…మనుమడా. శ్రావణ్ లేడు. దుకాణంల ఉన్నడు. చౌరస్త కాడ సెల్‌ఫోన్ల దుకాణం, పలిగిన అద్దాలు ఏస్తడు. నాలుగింటికి బువ్వకు వస్తడు. వానికే చెయ్యకపోయినవ్.

…బ్లాక్ చేసిండా. నాకు తెల్వది. చేస్తే మంచిగనే చేసిండు.

…కోపం లేదు. చెప్పు, ఇంటున్న. నేను ఎక్కువ మాట్లాడ, నీకు ఎరికే గద.

…

…తెల్సు. పద్నాలుగు ఆటలకు రెండు గెలిచిండ్రు. అందరి కింద పడ్డరు.

…వాడు చెప్పలే. వాడు చూడడు. నేనే చూసిన. … అన్నీ చూసిన. పక్కింటి భూమిక ఫోన్ల పెట్టిస్తది. గద్దె మీద కూసోని చూస్త.

…ఎందుకంటే ఏం చెప్పాలె. మీ అయిదుగురు మూడేండ్లు మా మీది అర్రలనే ఫోన్లు పట్టుకొని గా తుపాకుల ఆట ఆడిండ్రు. కింద నేను పంటే మీ ఒర్రుడు ఇనవడేటిది. ఎవడు పడ్డడో, ఎవడు లేసిండో గొంతుతోనే తెల్సేటిది.

…కొత్త కోచ్ మంచోడా. ఉండొచ్చు. ఆయన భాష నాకు తెల్వది. మీకు సుత తెల్వదనిపించింది. ఒగడు హిందీల అంటడు, ఒగడు ఇంగ్లీషుల అంటడు, సాయిచంద్ ఏమో 'ఏందిరో, ఏందిరో' అంటడు.

…నవ్వుతున్నవ్. అప్పుడు రాలే నవ్వు.

…ఆరో ఆట యాదికున్నదా? నువ్వొక్కనివే గోడ దుంకినవ్. పడ్డవ్. నేల మీద పాక్కుంట ఉన్నవ్, ఒక్కడన్న వచ్చిండా లేపుటానికి?

…రాలే. కొత్తోళ్లు ముగ్గురు ఎవని పానం వాడు చూసుకున్నరు. శ్రావణ్ ఉంటే ముందుగాల నిన్ను దుంకనియ్యకపోవు. 'ఆగున్రి' అనేటోడు, ఆగేటోళ్లు. వాడు గా ఒక్క మాటే అనేటోడు.

…ఇప్పుడంటున్నవా గది. వాణ్ని తీసేసిన్నాడు అంటే అయిపోవు.

…సేటు తీసేమన్నడు, ఔ. ప్లాట్లు అమ్మే సేటు. పైసలు పెట్టి టీమును పట్టుకున్నది ఆయన, కొత్తోళ్లను తెచ్చుకున్నది ఆయన. సరే. వాట్సాప్ గ్రూపుల నుంచి వాణ్ని తీసేసిన ఏలు ఎవలది?

…నీదే.

…కరీంనగర్ బస్టాండ్ల ఉండె రా వాడు. బ్యాగు మీద కూసున్నడు. హైదరాబాద్ క్యాంపుకు రమ్మని నువ్వే పిలిస్తివి. బస్సు వచ్చిందాక సుత ఆగకపోతివి.

…నీకు చేసిండు, ఎత్తలే. సాయిచంద్‌కు చేసిండు, ఎత్తలే. రెండు బస్సులు పోనిచ్చిండట, తప్పు జరిగింది రమ్మంటరేమోనని. మూడో బస్సుకు ఇటు తిరిగిండు.

…నాకెందుకు మాఫీ. తీసేసింది నన్నా?

…

…ఏందీ. మల్లొక్కపారి చెప్పు.

…వాణ్ని మల్ల తీసుకుంటరా. ఖని కింగ్స్‌లకు.

…ఆగు, జర కూసోనీ. … ఆ. చెప్పు బిడ్డ.

…మంచిమాటే. మంచిమాట చెప్పినవ్. దుర్గవ్వ ఇంటే సంబురపడ్తది. నువ్వు పోయినప్పటి సంది నీ గిలాస పక్కకే పెట్టింది, ఎవలకు చాయ్ పోయది దాంట్ల.

…ఇయ్యాలనా? ఐదింటి లోపట. గింత తొందర ఎందుకు?

…నా ఫోనుకా. నంబరు వస్తదా. … అవు, టీముల పేరు రాపిచ్చినప్పుడు వానికి సిమ్ము లేకుండె. నాదే రాపిచ్చిండు. ఇంకా గదే ఉన్నదా.

…చదువుత. ఆరు అంకెలే గద. మూడో తరగతి దాక పోయిన, అంకెలు వచ్చు నాకు.

…పంపినవా. … ఆ, టింగుమన్నది. వచ్చింది.

…ఉండు ఉండు. చదువుత. ఒక్కటి అడిగి చదువుత. కోచ్ ఉన్నడా?

…పోయిండు. తెచ్చిన ముగ్గురు?

…వాళ్లు సుత పోయిండ్రు. మరి ఎవల్తోని ఆడుతరు? నువ్వు, సాయిచంద్… శ్రావణ్ వస్తే ముగ్గురు. ముగ్గురితోని ఆడనిస్తరా?

…రూలా. ఏం రూలు? జర నాకు తెల్సేటట్టు చెప్పు.

…పాత అయిదుగురుల ముగ్గురి పేర్లన్న కాయితం మీద ఉండాలె. ఉంటేనే లీగుల టీముకు జాగ. లేకుంటే జాగ పోతది. … ఐదింటికి పోతది.

…అట్లనా.

…అంబదాస్‌ను అడిగినవా? … ఆదిలాబాద్ల వేరే టీము కట్టుకుంటుండు, రాడు. ఎరికే నాకు. ఇంకొకడు దుబాయ్ పోయిండు. ఇగ మిగిలింది శ్రావణ్.

…మూడో పేరు వానిదన్నట్టు.

…సరే. ఆడిస్తరా వాణ్ని?

…

…సన్నీ. ఆడిస్తరా అని అడిగిన.

…'చూద్దాం' అంటే నాకు తెల్వది. ఆడిస్తం అను, లేకుంటే ఆడియ్యం అను.

…సేటు జాగ అమ్ముతుండా. ఎవలకు?

…బెంగళూరోళ్లకు. వాళ్లకు వాళ్ల పిల్లలు ఉన్నరు. ఉంటరు మరి. నిన్ను?

…నిన్ను తీసుకుంటరు. నిన్నొక్కణ్ని. సాయిచంద్‌కు చెప్పినవా గీ సంగతి?

…చెప్పలే. ఊఁ.

…శ్రావణ్‌ది పేరు మాత్రం ఉంటది. ఎన్ని రోజులు?

…ఏడాది. గా ఏడాది ఇంకో టీంల ఆడొచ్చునా?

…ఊఁ అనకు. నిజం చెప్పు. ఎదురుంగ లేను, ఫోన్లనే ఉన్న, చెప్పుడు అల్కగుంటది. చెప్పు.

…

…ఆడరాదు.

…సోమారం అంబదాస్ కాడికి పోతుండు వాడు. బ్యాగు సదురుకున్నడు. … నీకు తెల్సా?

…తెల్సు. తెల్సే ఫోను చేసినవ్.

…

…ఏమన్నవ్? పేరే గదా, పెడితే ఏం పోతది అన్నవా?

…లే, ఒర్రుతలేను. నేను ఒర్ర.

…ఇను. బొగ్గుబాయిల దిగేటప్పుడు కిటికీ కాడ ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకునేటోళ్లం. మనిషికో బిళ్ళ. బిళ్ళ పలక మీద ఏలాడుతుందంటే మనిషి లోపట ఉన్నట్టు. ఎక్కినంక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలె.

…ఉన్నది సంబంధం. ఇను. రాములు అని నా జోడీగాడు. వాని బామ్మర్ది పెండ్లి, సుల్తానాబాద్ల. సెలవు దొరకలే. 'నా బిళ్ళ నువ్వు ఇయ్యి మొండన్నా, బిళ్ళే గదా, ఏం పోతది' అన్నడు. నీ లెక్కనే అన్నడు.

…ఇచ్చిన. రెండు బిళ్ళలు ఇచ్చిన, రెండు లైట్లు తీసుకున్న. ఒగటి సంచిల పెట్టుకొని దిగిన.

…ఆ నాడే కప్పు కూలింది. అందరం ఉరికినం. సంచి లోపటనే పడ్డది. మీదికి వచ్చి బిళ్ళలు లెక్కవెడితే ఒగటి ఎక్కువున్నది. రాములుది.

…రాములు లోపటనే ఉన్నడు అన్నరు. నేను ఆడనే ఉన్న. పక్కపొంటి నిలవడ్డ.

…చెప్పలే.

…ఏమో. కొలువు పోతదని. నాది పోతది, వానిది పోతది. ఇప్పుడు చెప్త, ఇప్పుడు చెప్త అనుకుంట నిలవడ్డ. గంతల మాతోని పనిచేసే భూమన్న లోపటికి పోయిండు. రాములును తెస్తనని పోయిండు. కప్పు మల్ల కూలింది.

…సచ్చిపోలే. మనిషి వచ్చిండు. కాలు రాలే.

…

…రాములా. పెండ్లి బువ్వ తిని తెల్లారి వచ్చిండు. వేరే తొవ్వల మీదికి ఎక్కిన అని చెప్పిండు, నమ్మిండ్రు. ఏడాదికి కొలువు ఇడిసిపెట్టి పోయిండు. నేను పోలే.

…భూమన్నకు తెల్వది. బాయి గేటు కాడ పాన్ డబ్బ పెట్టుకున్నడు. 'రాములు కోసం పోయిన రా' అని అందరికీ చెప్పుకునేటోడు. సంబురంగ చెప్పుకునేటోడు. నేను దినాం ఆడ పాన్ కట్టిచ్చుకున్న. ఇరవై ఏండ్లు. ఆయన సచ్చిన్నాడు పాడె సుత మోసిన.

…దుర్గవ్వకు సుత తెల్వది. నీకెందుకు చెప్తున్ననో నాకే ఎరుక లేదు.

…

…హలో. ఉన్నవా?

…ఏడ్వకు. ఏడిస్తే ఏమొస్తది.

…నీకు గీ ఆటొక్కటే వచ్చు, ఔ. వానికి సుత గదొక్కటే వచ్చు. అద్దాలు ఏసుడు వానికి రాదు, నేర్చుకున్నడు.

…ఏమన్నవ్?

…అది నిజమే. వాని పేరు, నాది కాదు. ఇయ్యను అనుటానికి నాకు హక్కు లేదు. మంచిగనే పట్టుకున్నవ్.

…అడుగుడు ఎందుకు, అడిగితే ఇస్తడు. నాకు ఎరికే. ఇంకా గా జెర్సీ ఉతికి ఆరేస్తుండు. సన్నీ పిలిచిండంటే బువ్వ ఇడిసిపెట్టి లేస్తడు. గందుకే భయమైతుంది నాకు.

…ఆగు. గేటు సప్పుడైంది. వచ్చిండు.

…లే, నేను చెప్ప. నువ్వే చెప్తవ్. ఇస్త ఫోను. రెండు మాటలు మొదలు చెప్పు. ఆడియ్యరు అని. ఏడాది ఇంకెక్కడా ఆడరాదు అని. గవి చెప్పినంక అడుగు. వాడు ఇస్తనంటే అంకెలు వాడే చదువుతడు, నేను నడుమల రాను.

…చెప్తవా?

…చెప్తవా సన్నీ?

…మంచిది. పట్టుకోని ఉండు.

శ్రావణ్, ఇటు రా. చెప్పులు ఆడ ఇడువు. … ఫోను. నీకే.

…సన్నీ. … ఆ, మన సన్నీనే. నీతోని రెండు మాటలు చెప్పాల్నట. పట్టు.

…

…

ఏమంటుండు?

…

గట్లేంది, 'హలో హలో' అంటున్నవ్. ఇనవడుతలేదా?

…పెట్టేసిండా.

…ఇప్పుడిదాక మాట్లాడిండు. మంచిగనే ఇనవడ్డది.

…లే బిడ్డ. ఆడుటానికి కాదు. నేను సుత గట్లనే అనుకున్న మొదలు. పేరు కావాల్నట. పేరొక్కటే. నిన్ను ఆడియ్యరు. ఏడాది ఇంకోకాడ సుత ఆడరాదు, అంబదాస్ కాడ సుత.

…ఆ, గవ్వే అంకెలు. వానికి చదివి చెప్తే నీ పేరు ఎక్కుతదట. ఐదింటి దాక టైమున్నది అన్నడు.

…ఎందుకు అట్ల చూస్తున్నవ్ దాన్ని.

…చేస్తవా? నువ్వే చేస్తవా వానికి?

…నేనేమంట. నీ పేరు.

…గా రెండు మాటలు నీతోని అనలేక పెట్టేసిండు. నాకు తెల్సింది గంతే.

…సరే. తీస్కపో ఫోను. బువ్వ సల్లారనీ, నేను బయట కూసుంట.