కాటమయ్య బావ తొక్కిన పత్తి

ఏం హరీశూ, ఫోన్ల ఎవలికో "ఈ వారమంత జర టైటున్న" అంటున్నవ్? దొంగతనంగ ఇన్లేదు బిడ్డా, నువ్వే వాడకట్టంత ఇనవడేటట్టు మాట్లాడుతున్నవ్. కూసో, చాయ్ వస్తది. నువ్వు టైట్ అనంగనే నాకు రెండువేల మూడో సాలు, దీపావళి పోయినంక పత్తి ఏరే రోజులు యాదికొచ్చినయ్. మా కాటమయ్య బావ యాదికొచ్చిండు. మా పోచమ్మక్క పెనిమిటి. నువ్వు చూసినా యాదుండదు, నువ్వు తొట్టెల్ల ఉన్నప్పుడే పోయిండు. ఆయనకు ఇంగిలీషుల గదొక్కటే మాట వచ్చు. వయసుల ఉన్నప్పుడు డోర్నకల్ల రైలుపట్టాల కాడ కూలి చేసిండు, బోల్టులు బిగించే పని. మేస్త్రీ పొద్దూకేదాంక నెత్తి మీద నిలవడి "టైట్, టైట్" అని ఒర్లేటోడట. పని ఒడిసినంక ఆ మాటను మూట గట్టుకోని మా నర్సింహులపేటకు తెచ్చిండు. వేరేటోళ్లు డోర్నకల్ పోయొస్తె పోరగాండ్లకు బిస్కెట్లు తెస్తరు, ఈయన గిది తెచ్చిండు.

ఇగ ఊర్ల ఏది చూసినా టైటే. చాయ్‌ల పొడి ఎక్కువైతె, "టైటు పెట్టినవ్ పోచమ్మా". కల్లు జర ఎక్కువ పడితె, "ఇయ్యాల టైటైంది". చేతిల పైసలు లేకుంటె టైట్, ఉండి తియ్యనోడు టైటు మనిషి. ఇద్దరు దోస్తులు జంటగ తిరిగితె, "ఆళ్లిద్దరు మస్తు టైటు". అన్నం తిన్నంక కడుపు టైట్, పొలం ఒడ్డు టైట్, పోలీసులొస్తె ఊరంత టైట్. వాళ్లమ్మ పోయిన్నాడు పాడె కాడ నా భుజం పట్టుకోని, "బామ్మర్దీ, ఈడ టైటైందిరా" అని రొమ్ము మీద చెయ్యి వెట్టుకున్నడు. నేనేమన్ననో తెల్సా? "టైట్ గాదు బావా, బాధ అనాలె" అన్న. పాడె కాడ! గసొంటోన్ని నేను.

ఏం చేస్త మరి, అప్పుడే రాత్రిబడికి పోతుంటి. నడివయసుల అక్షరాలు దిద్దినోడు కొత్త చెప్పులు తొడుక్కున్నోని లెక్కనే, అడుగు తీస్తె చప్పుడు చేస్తడు. దుకాణం బోర్డు కనవడితె నిలవడి చదువుడు, పెండ్లి కార్డుల తప్పులు తీసుడు. పెండ్లివాళ్లు నన్ను చూస్తె కార్డు దాచుకునేటోళ్లు. మా పంతులమ్మ వసంత, నా బిడ్డంత వయసుది. "టైట్ అంటె ఏంది మేడం?" అని అడిగిన. "బిగుతు తాతా" అన్నది. నన్ను తాతంటదా అని కొన్ని దినాలు రంది వెట్టుకున్న, అది వేరే ముచ్చట. సక్కగ బావ దగ్గరికి వోయి, "బావా, టైట్ అంటె బిగుతు. గదొక్కటే. నీయన్ని తప్పులు" అన్న. ఆయన బీడి నోట్లకెల్లి తీసి, "నీ పంతులమ్మ ఏ పట్టా బిగిచ్చింది?" అన్నడు. గంతమాటకు ఊకుంటనా? మా నాయిన మొండయ్య అని పేరు వెట్టిండు గద, ఖరాబు చేస్తనా? ఆ వానకాలమంత గదే లొల్లి.

ఆఁ, పత్తి. మాది మిర్చి ఊరు. పక్క ఊర్లల్ల పత్తి పెట్టేటోళ్లు గని మా వాడకట్టుల ఎవలికీ దాని పని తెల్వదు. బావకు రెండేండ్లు ఎడతెగకుంట మిర్చికి తెగులొచ్చి పోయింది. ఇగ పత్తి పెట్టిండు. అందరు ట్రాక్టర్లకు మల్లినా ఆయన జత ఎడ్లను ఇడువలె. మా అక్క ముంగటే చెప్పింది, "ఈ పంట గూడ చేతికి రాకుంటె ఎడ్లను సాదుడు మనతోని గాదు, అంగడికి తోలుడే." బావ లేసి వాటికి గడ్డి ఏసి, నీళ్లు తాపి, మెడల మీద రాసుకుంట ఆన్నే కూసున్నడు. పంటైతె మంచిగ వచ్చింది బిడ్డా. అర్ర నిండ తెల్లగ, కండ్లు గుంజేటట్టు.

ట్రాక్టర్ కిరాయి ఒక్క ట్రిప్పుకే మాట్లాడిండు. పత్తి చూస్తె రెండు ట్రిప్పులది. "టైట్ తొక్కుదాం" అన్నడు. ఎండు పత్తి తొక్కితె ఉంటదా? కాలు తీయంగనే మల్ల పొంగి మీదికొస్తది. మేం మిర్చోళ్లం గద, మిర్చి బస్తాలు నింపేటప్పుడు కాయ ఇరగకుంట నీళ్లు సల్లి, మెత్తవడ్డంక ఎక్కి తొక్కుతం. తాతల కాన్నుంచి అదే పని. బావ బిందె తెచ్చి పత్తి మీద గట్లనే సల్లిండు. ఎవ్వలం వద్దన్లె. మా అక్క నీళ్లందిచ్చింది, నేను ట్రాలీ ఎక్కి ఎగిరిన. ఎగురుకుంట ఎగురుకుంట, "ఇగో బావా, గిదీ టైటంటె! పుస్తకంల టైటు!" అని పాఠం గూడ చెప్పిన. ఆయన కింద తాడు గుంజి, వేలితోని మీటి, "నీ పుస్తకం పాడుగాను, ఇప్పటికన్న ఒప్పుకున్నవ్!" అని నవ్విండు. శానా దినాలకు ఇద్దరం ఒక్క మాట మీదికొచ్చినం. మీద పరదా కప్పి గాలి సొర్రకుంట కట్టినం.

తెల్లారి వాన. వాగు నిండొచ్చింది, ట్రాక్టర్ ఊరి బయట్నే ఆగింది. వాగు దిగేదాంక బావ దినాం పోయి పరదాను సుట్టూత తడిమి చూసి, "సుక్క దిగలె, టైటుంది" అని సంబురంగ వచ్చుడు. ఆఖరికి మానుకోట పత్తి మిల్లుకు చేరినం. పరదా ఇప్పంగనే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి లేసింది. మిల్లాయన లోపల చెయ్యి వెట్టి సుర్రుమంటె గుంజుకున్నడు. బయటికి తీసిన పిడికెడు చూస్తె పసుప్పచ్చగ, నల్ల సుక్కలతోని, మురుగు వాసన. "ఏం కలిపిండ్రయ్యా?" అన్నడు. "నీళ్లు" అన్న నేను, నిజం చెప్తె మెచ్చుకుంటడేమో అన్నట్టు. "పత్తి మీద నీళ్లేంది?" "కాయ ఇరగకుంట సార్" అన్న. హమాలీలంత గొల్లున నవ్విండ్రు. ఒకడైతె నిలవడలేక కాంటాను పట్టుకున్నడు. నాకు గూడ నవ్వొచ్చింది. బావకు రాలె. ఆ పిడికెడు పత్తిని పట్టుకోని పిడికిలి తెరుసుడు, మూసుడు, తెరుసుడు. "బావా, ఏమన్న అను" అన్న.

మిల్లాయన మంచోడే. "దీన్ని ఎవ్వలు కొనరు పెద్దాయనా, నీ కిరాయి గూడ దండుగ" అన్నడు. మల్లిచ్చి తెచ్చి వాకిట్ల ఎండవోసినం. శానా మటుకు ఎరువుకుప్పల వోయింది. బాగున్న కొంచెం ఏరి మా అక్క పరుపులు కుట్టి, నాకొకటిచ్చింది. రాయి లెక్కుంటది. ఇప్పటికీ దాని మీదనే ఒరుగుత, నడుము పట్టుకున్నా మారుద్దామనిపియ్యది. మా కోడలు, "ఆ ముసలాయనకు పరుపుతోని గూడ పంతమే" అంటది. అననీ.

ఇగో, చాయ్ వచ్చింది. తాగు, సల్లారుతది. ఆఁ? ఎడ్లా?

మాఘంల రెండిటినీ అంగడికి తోలిండు.