తొంభై ఆరు మార్కులు

తొర్రూరు దగ్గరి తండాలో, పూజ ఇంటి వాకిట్లో. లెక్కల టీచరు కల్పన బడి విడవగానే ఇటే వచ్చింది. పూజ తండ్రి భోజ్యా ఆమెకు కుర్చీ తుడిచి వేశాడు గానీ, తాను కూర్చోలేదు.

“మాఫ్ చెయ్యున్రి మేడం. పొల్ల తప్పు చేసింది. ఇంకోసారి చెయ్యదు.”

“భోజ్యన్నా, జర నా మాట…”

“వారం సంది బడికి పంపియ్యలే. ఏం మొకం పెట్టుకొని పంపాలె? పక్క పిల్ల పేపర్ల జూసి రాస్తదా?”

“గదే చెప్దామని వచ్చిన.”

“మీరు చెప్పేదేమున్నది మేడం. కొట్టిన గూడ.”

“కొట్టినవా?”

“రెండు దెబ్బలే. ముందుగాల ‘నేను చూడలే బాపు’ అని ఒకటే ఏడుపు. గంత చదువుకున్న మేడం అబద్ధమాడుతదా అని అడిగిన. మూడో నాడు ఒప్పుకున్నది.”

“ఏమని?”

“చూసే రాసిన అని.”

“పూజ చూసి రాయలేదన్నా.”

“అది తన నోటితోనే చెప్పింది గద మేడం.”

“రాయలేదు. పేపర్లిచ్చిన తెల్లారి మళ్ల తీసుకొని చూసిన, ఇద్దరిదీ ఒక్క లెక్క ఒక్కతీరుగ తప్పున్నది. పక్కన కూసున్నది లాయరు సారు బిడ్డ. ఈమె పూజ. నేను… ఇంకేం ఆలోచించలే. క్లాసుల అందరి ముంగట నిలవెట్టిన.”

“మరిప్పుడు?”

“పొద్దున ఆ పిల్లే నా దగ్గరికొచ్చి ఏడ్చింది. పూజ పేపరు జూసి తనే రాసిందట.”

“ఆ పిల్లనా?”

“ఆ పిల్లనే.”

“ఆ రోజు ఆమెను గూడ అడిగిన్రా మేడం?”

“లేదు.”

“ఒక్క మాట గూడ?”

“అడగాలని నాకు తోచనే లేదన్నా.”

“వారం దినాలాయె మేడం.”

“తప్పు నాది. రేపు అందరి ముంగటనే చెప్త. ముందుగాల పూజకు చెప్పుకోవాలె. జర పిలువు.”

“లోపటనే ఉన్నది. అన్నీ ఇంటున్నది.”

“పూజా, బయటికి రా బిడ్డా.”

“రాదు మేడం.”

“నా మీద కోపమున్నదా? ఉండాలె.”

“మీ మీద కాదు.”

“మరి?”

“పేపర్లిచ్చిన నాడు, తొంభై ఆరొచ్చినయ్ బాపు అని ఉరుక్కుంట వచ్చింది. ఎవరిది చూసి రాసినవే అని నేనడిగిన మేడం. మీకంటె ఒక రోజు ముందే.”