హీరోకు ఎర్రనీళ్లు

పుంగనూరు బస్టాండు ముందర క్యాన్సరు మీద అవగాహన పరుగు. జెండా ఊపడానికి సినిమా హీరో వస్తున్నాడు. మహిళా సంఘం లీడరమ్మ, సంఘంలోని ఒక అవ్వ చేతికి ఎర్రనీళ్ల పళ్లెం ఇచ్చింది.

“దిష్టి తియ్యవ్వా. ఆయప్ప కారు వస్తాండాది.”

“టీవీలో పాన్‌మసాలా నోట్లో ఏసుకోని ఎగిరినోడు ఈయప్పే కదమ్మా?”

“అది అప్పుడు. ఇప్పుడు మానుకోమని సెప్పేదానికి వస్తాండాడు.”

“థూ! తినమనిందీ ఈ నోరే, మానమనేదీ ఈ నోరేనా? ఆ ఎగురుడు సూసే నా కొడుకు దానికి మరిగినాడు. కబడ్డీలో వాడు కూత పెడితే మదనపల్లె దాకా పేరు. ఇప్పుడు వేలు పట్టేంత కూడా నోరు తెరుసుకోదు. సంగటి ముద్ద పోక జావ పోస్తాండాను.”

“డాక్టరు ఏమన్నాడు?”

“ముక్క తీసి పరీక్షకు పంపినారు. రేపు సెప్తారంట.”

“అయ్యో పాపం. కానీ అందరూ సూస్తాండారు, ఒకసారి తిప్పెయ్యవ్వా. నీ సెయ్యి మంచిదనే కదా పిలిసింది.”

“మంచిదే. వాడు కప్పు గెలిసి వచ్చినప్పుడంతా ఈ సెయ్యే దిష్టి తీసింది.”

“కారు వచ్చేసింది! పళ్లెం ఎత్తుకోని యాడికి పోతాండావు?”

“దిష్టి తగిలినోనికి తియ్యాలమ్మా, తగిలించినోనికి కాదు. నా కొడుకు ఇంట్లో ఉండాడు.”