నూనె చుక్క లేని పథ్యం

శంకర్ నగర్‌లో తెలుగు డాక్టరు గది. రైల్వే ఉద్యోగి తల వంచుకుని కూర్చున్నాడు. మాట్లాడుతున్నది ఆయన భార్య.

"మా ఆయనంత అబద్ధాలకోరు రాయ్‌పూర్ మొత్తంలో లేరండీ, డాక్టరు గారూ. మగ హార్మోను మాత్ర రోజూ మింగుతున్నానంటారు. మనిషి చూస్తే ఏక్‌దం నీరసం. డ్యూటీ నుంచి వచ్చి బూట్లతోనే పడుకుంటారు. మాత్రలు కాలవలో పారేస్తున్నారా అని పిల్లల ముందే అడిగేశాను."

"రక్తపరీక్షలో హార్మోను పెరగలేదు, నిజమే. మాత్ర దేంతో వేసుకుంటున్నారు?"

"పథ్యంతోనండీ. మందు తినే మనిషికి నూనె చుక్క తగలనిస్తానా? నెయ్యి సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. చారూ అన్నం, అంతే."

"అమ్మా, నూనే నెయ్యీ ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఈ మాత్ర ఒంటికి పడుతుంది. చారన్నంతో వేస్తే దండగ."

"అయితే ఇక రెండేసి ఇవ్వనా?"

"వద్దు. ఎక్కువైతే రక్తం చిక్కబడుతుంది, గుండెకు ముప్పు. రాసినంతే ఇవ్వండి, పప్పూ నెయ్యీ వేసి అన్నం పెట్టండి. మళ్ళీ రక్తం చూసుకున్నాకే మార్పు."

"పిల్లల ముందు అడిగినప్పుడు ఈయన ఒక్క మాటా అనలేదండీ. దొరికిపోయారు కాబట్టే నోరు లేవలేదనుకున్నాను."

"ఆ మాట నాతో కాదమ్మా."

"ఏమండీ, ఇటు చూడండి. మీరు అబద్ధం చెప్పలేదు. తప్పు నాది. ఇంటికెళ్ళాక పిల్లల ముందే చెబుతాను."