బుజ్జోడి కడుపులో ఏముంది?

పశువుల ఆసుపత్రిలో పరీక్ష గది. బల్ల మీద కుక్క. ఇటు భార్య, అటు భర్త, ఎదురుగా డాక్టరమ్మ.

"సాక్సే అయ్యుంటుంది డాక్టరుగారూ. ఈయన విప్పినవి విప్పినచోటే వదిలేస్తారు."

"అన్నిటికీ నా సాక్సేనా?"

"మరెవరివి? బుజ్జోడు తొడుక్కుంటాడా? పొద్దుటి నుంచి కక్కుతూనే ఉన్నాడు, పాలు పోస్తే మొహం తిప్పుకుంటున్నాడు..."

"అమ్మా, ఒక్క నిమిషం. సాక్సు కాదిది. స్కానులో గట్టిగా, కోలగా కనిపిస్తోంది."

"అయితే రాయి. వీధిలో ఏదో రాయి మింగుంటాడు. కదండీ?"

"ఆ... రాయే. రాయే అయ్యుంటుంది."

"ఏం మింగాడో, ఎప్పుడు మింగాడో తెలిస్తే మంచిది సార్. నిన్నో మొన్నో అయితే ఇంకా కడుపులోనే ఉండొచ్చు. నోట్లోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివరున్న కెమెరాలో చూస్తూ చిన్న వలతో పట్టి లాగేస్తాం. కోత లేదు, కుట్టు లేదు."

"నోట్లో గొట్టం పెడితే కరవడూ?"

"మత్తిస్తామమ్మా."

"హమ్మయ్య."

"అప్పుడే హమ్మయ్య అనకండి. పేగులోకి జారితే పొట్టకి రెండు మూడు చిన్న చిల్లులు పెట్టి, వాటిలోంచి కెమెరా, పనిముట్లు పంపాలి. బాగా ఇరుక్కుపోతే అదీ కుదరదు. పొట్ట కోయాల్సిందే."

"కోయడమా! వీడి పొట్టా! గోళ్లు తీయిస్తేనే వీధంతా లేపుతాడు డాక్టరుగారూ."

"అందుకే అడుగుతున్నా. సార్, మీరేదో చెప్పబోయి ఆగారు."

"నేనా? లేదే. గొంతు సవరించుకున్నా."

"ఇందాకటి నుంచీ సవరించుకుంటూనే ఉన్నారు."

"...టెంక."

"ఏం టెంక?"

"మామిడి టెంక. నిన్న సాయంత్రం. పెరట్లో."

"మామిడా! ఒంట్లో అంత షుగరు పెట్టుకుని! అసలు మన ఇంట్లోకి మామిడిపండు ఎలా వచ్చిందండీ?"

"నాతోనే వచ్చింది. ఆఫీసు సంచిలో."

"విన్నారా డాక్టరుగారూ? నేను ఎదురుగా తింటే ఈయనకి నోరూరుతుందని, ఈ ఏడు నేను కూడా మానేశాను. పండ్ల కొట్టు కనిపిస్తే రోడ్డుకి అవతలి పక్కకి దాటి నడుస్తున్నా!"

"అందుకేగా చెప్పలేకపోయింది. నా కోసం నువ్వంత నోరు కట్టేసుకుంటే, నేనేమో దొంగలా..."

"దొంగలా ఏమిటి, దొంగే. తిన్నవాళ్లు తిన్నారు, టెంక వీడికెందుకు పెట్టారు?"

"చెత్తబుట్టలో వేస్తే నీ కంట పడదూ? గోడవతల పారేస్తే పక్కింటావిడ తెచ్చి నీ చేతికే ఇస్తుంది. కాసేపు వీణ్ణి చీకనిచ్చి, తరవాత లాక్కుని పాతిపెడదామనుకున్నా. ఒక్కటే గుటక. చూస్తుండగానే లోపలికెళ్లిపోయింది."

"పోనీలెండి, ఇప్పటికైనా చెప్పారు. నిన్నటిదే కాబట్టి గొట్టంతో వచ్చేస్తుంది. ఒక్కటేగా సార్?"

"ఒక్కటే. బుజ్జోడి మీద ఒట్టు."

"వాడి మీద ఒట్లు పెట్టే సమయమా ఇది!"

మధ్యాహ్నం, ఆపరేషన్ గది. కుక్క మత్తులో ఉంది. గోడ మీది తెరలో దాని కడుపు లోపలి భాగం. మూతికి గుడ్డలు కట్టుకుని భార్యాభర్తలు ఒక మూల నిలబడ్డారు.

"అదిగో, టెంక. నున్నగా ఉంది, జారిపోతోంది... రా నాన్నా, రా... ఆ, వలలో పడింది. వచ్చేసింది!"

"మీ చేతులకి దండం పెట్టాలి డాక్టరుగారూ."

"ఎంత శుభ్రంగా చీకారండీ, ఒక్క పీచు మిగల్చకుండా!"

"నేను కాదే, వాడి కడుపు."

"ఆగండాగండి. వెనక ఇంకోటి ఉంది సార్."

"ఇంకోటా? వీల్లేదు. నేనిచ్చింది ఒక్కటే!"

"స్కానులో మొదటిదాని చాటున పడి కనిపించలేదు. ఇదీ టెంకే."

"ఏమోయ్, నిజంగా ఒక్కటే తిన్నా. నీకు అబద్ధం చెప్పాను, కాదనను. కానీ రెండు తినలేదు. నమ్ము."

భార్య తెర దగ్గరికి జరిగి, ఆ రెండో టెంకనే చూస్తోంది.

"అలిగావా? తిట్టు, పోనీ. ఏదో ఒకటి అను."

"ఇదీ వచ్చేసిందండీ. అయిపోయింది, ఇక గొట్టం తీసేస్తున్నా..."

"తీయకండి డాక్టరుగారూ! ఇంకా వెతకండి. నావి రెండు."